ప్లాస్టిక్ చెత్తకు బాధ్యులెవరు? మన అయిదు ప్రాంతాల్లో చట్టం చెబుతున్నది ఇదీ

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం. మనం తరాలుగా స్థిరపడిన ఈ అయిదు చోట్లా ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. అయినా ఎక్కడ చూసినా మురుగుకాల్వ నిండా కవర్లే. చట్టం లేక ఇలా జరగడం లేదు, చట్టాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. ప్రతి చట్టం వెనకా ఒక ప్రశ్న ఉంటుంది: ఈ చెత్తకు ఖర్చు ఎవరు భరించాలి? సంచి పట్టుకెళ్లే గృహిణా, కవర్లో పూలు కట్టి ఇచ్చే చిన్న వ్యాపారా, ఊడ్చే మున్సిపాలిటీయా, ఆ కవరును తయారుచేసి లాభం తీసుకున్న కంపెనీయా? జవాబును బట్టే చట్టం పనిచేయడమో, కాగితం మీద మిగలడమో జరుగుతోంది.

పాఠకులకు తమ ఊళ్లో ఏ నిబంధన వర్తిస్తుందో, ఎవరిని ఏమని అడగవచ్చో తెలిసేలా ఈ వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

వర్ధమాన దేశాలు పట్టిన నాలుగు దారులు

మొదటిది నిషేధం. పల్చటి పాలిథిన్ సంచులను దేశమంతటా నిషేధించిన మొదటి దేశం బంగ్లాదేశ్. 1988, 1998 వరదల్లో ఢాకా కాల్వలు సంచులతో పూడుకుపోయి నీళ్లు కదలకపోవడం చూశాక, 2002లో పర్యావరణ చట్టాన్ని సవరించి ఈ నిషేధం తెచ్చారు. కొన్నాళ్లు సంచులు కనుమరుగయ్యాయి. తనిఖీలు సడలగానే మళ్లీ సంతల్లోకి వచ్చాయి. చివరకు 2024 అక్టోబరులో సూపర్ మార్కెట్లలో, నవంబరులో బజార్లలో అదే నిషేధాన్ని మరోసారి మొదలుపెట్టవలసి వచ్చింది. చట్టం పుస్తకంలో ఉండగానే అమలు మాయమైపోగలదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

ఆఫ్రికాలో రువాండా 2008లోనే సంచులను నిషేధించింది. కెన్యాలో 2007, 2011 ప్రయత్నాలు విఫలమయ్యాయి. 2017 ఆగస్టు 28 నుంచి వచ్చిన నిషేధం మాత్రం గట్టిగా నిలబడింది. తయారీదారులకు, దిగుమతిదారులకు నాలుగేళ్ల వరకు జైలు, 40 లక్షల కెన్యా షిల్లింగుల వరకు జరిమానా పెట్టారు. ఇక్కడ గమనించవలసింది శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, దెబ్బ ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిందన్నది. ఆ తర్వాత కూడా పొరుగు దేశాల నుంచి దొంగచాటుగా సంచులు వచ్చాయి. సరిహద్దుకు అవతల నిషేధం లేకపోతే ఇవతల ఉన్న నిషేధం చిల్లుపడ్డ కుండలాంటిదే. మన రాష్ట్రాల మధ్యా జరిగింది ఇదే.

రెండోది పన్ను. దక్షిణాఫ్రికా 2003లో సంచుల కనీస మందం పెంచి, ఒక్కో సంచి మీద పన్ను వేసింది. మొదట్లో వాడకం బాగా తగ్గింది. తర్వాత దుకాణాలు సంచి ధర తగ్గించడంతో జనం ఆ చిన్న మొత్తానికి అలవాటుపడి వాడకం మళ్లీ పెరిగింది. మనసుకు తగలని పన్ను చేతిని ఆపలేదు.

మూడోది తయారీదారు బాధ్యత. ప్యాకెట్లో సరుకు అమ్మిన కంపెనీయే ఆ ప్యాకెట్ చెత్తగా మారాక దాన్ని సేకరించి, శుద్ధిచేసే ఖర్చు భరించాలన్న సూత్రం ఇది. నాలుగోది డిపాజిట్. సీసా కొన్నప్పుడు కొంత అదనంగా కట్టించుకుని, ఖాళీ సీసా తెచ్చి ఇస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వడం. పాతకాలపు సోడా బుడ్డికి మన పెద్దవాళ్లు కట్టిన డిపాజిట్ ఇదే.

దేశాల మధ్య చెత్త వ్యాపారం

2018లో చైనా విదేశీ ప్లాస్టిక్ చెత్త దిగుమతి ఆపేయడంతో ఓడలు మలేషియా, థాయ్‌లాండ్, వియత్నాం, ఇండోనేషియాల వైపు తిరిగాయి. దాంతో బాసెల్ ఒప్పందాన్ని 2019లో సవరించారు. 2021 జనవరి 1 నుంచి, కలగాపులగంగా ఉన్న ప్లాస్టిక్ చెత్తను పంపాలంటే తీసుకునే దేశం ముందుగా ఒప్పుకోవాలి.

ప్లాస్టిక్ మీద ప్రపంచానికంతటికీ ఒకే ఒప్పందం తేవాలని 2022 మార్చిలో నైరోబీలో తీర్మానించారు. 2024 చివర బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందం కుదరకుండానే ముగిశాయి. ఉత్పత్తికే పరిమితి పెట్టాలా, చెత్త నిర్వహణతో సరిపెట్టాలా అన్న దగ్గరే పీటముడి పడింది. ఉత్పత్తి మీద పరిమితి వద్దనే పక్షాన మన దేశం నిలిచింది.

మన దేశంలో: మైక్రాన్లు పెరిగిన కథ

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కిందనే ప్లాస్టిక్ నిబంధనలన్నీ వచ్చాయి. కవరు కనీస మందం 1999 నిబంధనల్లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. కవరు మందంగా ఉంటే ధర పెరుగుతుంది, ఊరికే ఇవ్వరు, పాతసామాను కొనేవాళ్లకు కూడా గిట్టుబాటవుతుంది అన్నది దీని వెనక ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది. చిక్కల్లా కొలవడంలో ఉంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కూరగాయల బండి దగ్గర నిలబడి 75కూ 120కీ తేడా చేత్తో తడిమి చెప్పగలిగేవారు లేరు. అందుకే కవరు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం ముద్రించి ఉండాలని నిబంధన పెట్టారు. ఆ వివరాలేవీ లేని కవరు ఎవరి చేతిలో ఉన్నా దాన్ని అనుమానించవలసిందే. మనం చూడవలసిన మొదటి గుర్తు ఇది.

2016 మార్చి 18 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పట్టణాలతోపాటు గ్రామ పంచాయతీలకూ వర్తించాయి. వాటిలో ఒక నిబంధన ఇప్పుడు చాలామందికి గుర్తుండకపోవచ్చు. కవర్లు ఇవ్వదలచిన దుకాణదారు, చివరకు వీధి వ్యాపారి కూడా స్థానిక సంస్థ దగ్గర నమోదై నెలకు కనీసం 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000 రూపాయలు కట్టాలన్నారు. పూలమ్ముకునే మనిషి అంత ఎక్కడినుంచి తెస్తుంది? 2018 సవరణలో ఆ నిబంధనను తీసేశారు.

అదే 2018 సవరణలో మరో మార్పు చేశారు. 2016లో, రీసైకిల్ చేయలేని పొరల ప్యాకింగును, అంటే చిప్స్ ప్యాకెట్ల వంటి వాటిని, రెండేళ్లలో దశలవారీగా తొలగించాలని రాశారు. 2018లో దానికి ఇంధనంగా కాల్చడానికీ పనికిరానివి, మరే ఉపయోగమూ లేనివి అన్న మాటలు చేర్చారు. సిమెంటు బట్టీలో ఏ ప్లాస్టిక్ అయినా కాలుతుంది కాబట్టి ఆ నిబంధన నుంచి తప్పించుకునే దారి తెరుచుకుంది. చట్టాన్ని రద్దు చేయకుండానే ఒక్క వాక్యంతో దాని కోర పీకేయవచ్చు.

2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని వస్తువులు దేశమంతటా నిషేధం కిందికి వచ్చాయి. ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్, బెలూన్ల పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, చాక్లెట్, ఐస్‌క్రీమ్ పుల్లలు, అలంకరణ థర్మాకోల్, ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, ఫోర్కులు, చెంచాలు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు, స్వీటు డబ్బాల మీద, శుభలేఖల మీద, సిగరెట్ పెట్టెల మీద చుట్టే పొర, 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు, కలిపే పుల్లలు ఈ జాబితాలో ఉన్నాయి.

శిక్షల్లోనూ మార్పు వచ్చింది. ఇదివరకు పర్యావరణ చట్టాన్ని ఉల్లంఘిస్తే అయిదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేవి. 2023 జన విశ్వాస్ చట్టంతో జైలుశిక్షను తీసేసి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. 2024 ఏప్రిల్ 1 నుంచి కోర్టు బదులు ఒక అధికారే విచారించి జరిమానా నిర్ణయిస్తారు. ఏళ్ల తరబడి నడిచే కేసు కంటే వెంటనే పడే జరిమానాయే మేలని ఒక వాదన. పెద్ద కంపెనీకి 15 లక్షలు వ్యాపారంలో మామూలు ఖర్చుగా మారిపోతాయని ఎదురువాదన. రెండింటిలోనూ కొంత నిజముంది.

కోర్టులు కదిపిన తేగలు

ప్లాస్టిక్ మీద మన చట్టాల్లో చాలావాటికి వెనక ఒక కోర్టు కేసు ఉంది. బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం 2000 నాటి మున్సిపల్ చెత్త నిబంధనలకు దారితీసింది. గుట్కాను ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మడం ఆపాలని 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక 2011 ఫిబ్రవరిలో కొత్త ప్లాస్టిక్ నిబంధనలు వచ్చాయి.

మన తెలుగునేల నుంచి వెళ్లిన కేసు కూడా ఒకటుంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. వీధుల్లో తిరిగే ఆవులు కవర్లు మింగి చనిపోతున్నాయని, ఆపరేషన్ చేస్తే వాటి కడుపులో కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటపడుతోందని ఆ సంస్థ కోర్టు ముందు పెట్టింది. 2016లో కొత్త నిబంధనలు వచ్చాక ఆ వ్యాజ్యం ముగిసింది. తిన్నదాన్ని అరిగించుకోలేక చచ్చిపోయిన మూగజీవాల సాక్ష్యం దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిందన్నమాట.

అయిదు ప్రాంతాలు, అయిదు నిబంధనలు

కేంద్ర నిబంధన కనీస స్థాయి మాత్రమే. రాష్ట్రాలు దానికంటే కఠినంగా వెళ్లవచ్చు.

కర్ణాటక: 2016 మార్చి 11 నాటి నోటిఫికేషన్ మందంతో సంబంధం లేకుండా ప్లాస్టిక్ కవర్లు, ఫ్లెక్సులు, బ్యానర్లు, తోరణాలు, జెండాలు, ప్లేట్లు, కప్పులు, చెంచాలు, టేబుల్ మీద పరిచే షీట్లను నిషేధించింది. మైక్రాన్ల గొడవే లేదు కాబట్టి 120 మైక్రాన్లున్న కవరు అయినా ఇక్కడ చెల్లదు.

తమిళనాడు: 2019 జనవరి 1 నుంచి 14 రకాల వస్తువుల మీద నిషేధం ఉంది. మొదటి ఉత్తర్వులో పాలు, నూనె, మందుల ప్యాకెట్లకు మినహాయింపు ఇచ్చారు. 2021 డిసెంబరులో 'మీండుం మంజప్పై', అంటే మళ్లీ పసుపు సంచి అన్న పేరుతో ప్రచారం మొదలైంది. నీలగిరుల్లో అడవిలోకి విసిరేసిన మద్యం సీసాలు ఏనుగుల కాళ్లు కోస్తున్నాయన్న ఆందోళనతో మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకుంది. దాంతో టాస్మాక్ దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగి ఇచ్చే పద్ధతి 2022లో అక్కడ మొదలై ఇతర జిల్లాలకూ పాకింది. అవి గాజు సీసాలే అయినా పాఠం ప్లాస్టిక్‌కూ వర్తిస్తుంది. పది రూపాయల విలువ ఉన్న వస్తువును ఎవరూ పారేయరు, ఎవరైనా పారేసినా మరొకరు ఏరుకుంటారు.

ఒడిశా: 2018 అక్టోబరు 2న భువనేశ్వర్, కటక్, బరంపురం, సంబల్‌పూర్, రూర్కెలా నగరాల్లో, పూరీ పట్టణంలో నిషేధం మొదలైంది. బరంపురం మన వాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు. దానికి దగ్గర్లోనే రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయి. ఊరి కాల్వలో పడ్డ కవరు చివరికి చేరేది ఆ తీరానికే.

మహారాష్ట్ర: 2005 జులై 26న ముంబైలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడి నగరం మునిగినప్పుడు కాల్వల్లోని కవర్ల మీద నింద పడింది. 2018 మార్చి 23న రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. మొదటిసారి 5,000, రెండోసారి 10,000, మూడోసారి 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల జైలు పెట్టారు. జూన్ 23న తనిఖీలు మొదలైన వారంలోపే, వర్తకుల ఒత్తిడితో కిరాణా ప్యాకింగుకు సడలింపు ఇచ్చారు.

యానాం: పుదుచ్చేరి ప్రభుత్వం 2019లో విధించిన నిషేధం ఇక్కడా వర్తిస్తుంది. అమలు చూసేది పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీ. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్. గౌతమీ గోదావరి మోసుకొచ్చే చెత్తకు పాలనా సరిహద్దులు తెలియవు. ఎగువ ఊళ్ల కవర్లు కోరంగి మడ అడవుల వేళ్లకు చుట్టుకుంటే ఏ ప్రభుత్వాన్ని అడగాలన్న ప్రశ్నకు ఒక్కచోటి నిషేధం జవాబు చెప్పలేదు.

తమిళనాడు, పుదుచ్చేరి కాగితం కప్పుల తయారీదారుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పుల మీద తమిళనాడు నిషేధాన్ని సమర్థించింది. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచుల విషయం మాత్రం మళ్లీ పరిశీలించమంది. ఆ సంచులు నిజానికి ప్లాస్టిక్ పోగులతో చేసినవే. పెళ్లిళ్లలో తాంబూలానికి గుడ్డ సంచి అనుకుని మనం ఇచ్చేవి చాలావరకు ఇవే. కేంద్ర నిబంధన ప్రకారం వాటి బరువు చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదు.

తయారీదారు బాధ్యత: అసలు పరీక్ష

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 2020-21లో దేశంలో వచ్చిన ప్లాస్టిక్ చెత్త సుమారు 41.27 లక్షల టన్నులు. 2024 సెప్టెంబరులో 'నేచర్' పత్రికలో వచ్చిన లీడ్స్ విశ్వవిద్యాలయం అధ్యయనం, సేకరణకు అందకుండా నేలపాలయ్యే, బయట కాల్చేసే ప్లాస్టికే మన దేశంలో ఏటా 93 లక్షల టన్నులని అంచనా వేసింది. ప్రభుత్వం లెక్కపెట్టిన మొత్తం చెత్త కంటే, లెక్కకు అందనిదే రెండింతలకు పైగా ఉందన్నమాట. చెత్త బండి రాని వీధులు, పెరట్లో తగలబెట్టే ఊళ్లు రిజిస్టరులోకి ఎక్కవు మరి.

2022 ఫిబ్రవరి 16న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం కంపెనీలు మార్కెట్లోకి తెచ్చిన ప్యాకింగుకు సమానమైన చెత్తను సేకరించి శుద్ధి చేయించాలి. 2023-24 నుంచి ఆ లక్ష్యం 100 శాతం. కంపెనీ తానే సేకరించనక్కర్లేదు, రీసైక్లింగ్ చేసేవాళ్ల దగ్గర ధ్రువపత్రాలు కొనుక్కోవచ్చు. చిక్కు అక్కడే వచ్చింది. 2023లో కేంద్ర మండలి తనిఖీల్లో సుమారు 6 లక్షల నకిలీ ధ్రువపత్రాలు బయటపడ్డాయి. ప్లాస్టిక్ కదలకుండానే కాగితాలు కదిలాయి.

అయినా ఈ దారినే గట్టిపరచాలని మేం భావిస్తున్నాం. ఎందుకంటే నిషేధం జాబితాలో ఉన్నవి స్ట్రాలు, చెంచాలు, కప్పులు. కాల్వల్లో కనిపించే షాంపూ సాషేలు, చిప్స్ ప్యాకెట్లు, గుటకెడు నీళ్ల పొట్లాలు ఆ జాబితాలో లేవు. కర్రీ పాయింట్ నడుపుకునే మనిషికి కవరు దొరికితే అదే రోజు జరిమానా. లక్షల సాషేలు ఊళ్లలోకి పంపే కంపెనీకి ఏడాది చివర ఒక ధ్రువపత్రం. ఈ తూకం సరిదిద్దనంత కాలం ఎన్ని నిషేధాలు వచ్చినా భారం కింది మెట్టు మీదే పడుతుంది.

చెత్త ఏరేవారికి చట్టంలో చోటు

మన దేశంలో రీసైక్లింగ్ అనే పని చాలావరకు నడుస్తున్నది చెత్త ఏరుకుని బతికేవారి చేతుల మీదుగానే. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు వారిని గుర్తించి, సేకరణ వ్యవస్థలో కలుపుకోవాలన్నాయి. పుణేలో 2008 నుంచి నగరపాలక సంస్థతో కలిసి పనిచేస్తున్న 'స్వచ్ఛ్' సహకార సంఘంలో చెత్త ఏరేవారే సభ్యులు. ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటారు, ఇళ్లవాళ్లు నెలనెలా రుసుము ఇస్తారు. బెంగళూరులో 'హసిరు దళ' సంస్థ కృషితో చాలామందికి నగరపాలక సంస్థ గుర్తింపు కార్డులు ఇచ్చింది. కంపెనీలు కట్టే డబ్బులో వీరికి న్యాయమైన కూలి చేరినప్పుడే తయారీదారు బాధ్యత అన్న మాటకు అర్థముంటుంది.

మన ఇళ్లకు, మన సంఘాలకు వర్తించేవి

ఇల్లు: తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇవ్వడం కోరిక కాదు, నిబంధన. చెత్తను వీధిలో వేయడం, తగలబెట్టడం నేరం.

సంఘాల వేడుకలు: ఉగాది సంబరాలకు, వనభోజనాలకు ఇది ముఖ్యం. నిబంధనల ప్రకారం లైసెన్సు లేని చోట వందమందికి మించి కూడే కార్యక్రమం పెడితే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి. చెత్తను వేరుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదే. విస్తరాకులు, స్టీలు గ్లాసులు ఏర్పాటు చేసుకుంటే సగం తలనొప్పి తీరుతుంది. వేదికకు థర్మాకోల్ అక్షరాలు ఎక్కడా చెల్లవు. ఫ్లెక్సు బ్యానర్ కర్ణాటకలో చెల్లదు.

వ్యాపారం: కవర్లు కొనేటప్పుడు బిల్లు అడిగి ఉంచుకోండి. తనిఖీలో సరుకు ఎక్కడిదో చూపించగలిగితే అధికారి అడగవలసింది తయారీదారునే అని చెప్పే ఆధారం మీ చేతిలో ఉంటుంది.

ఫిర్యాదు: మొదట మున్సిపాలిటీకి, తర్వాత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నిషేధిత వస్తువుల మీద కేంద్ర మండలి మొబైల్ యాప్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఫలితం లేకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. కర్ణాటక, తమిళనాడు, యానాం వారికి చెన్నై బెంచి, మహారాష్ట్ర వారికి పుణే, ఒడిశా వారికి కోల్‌కతా. సమస్య మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి. వకీలు లేకుండా స్వయంగా వాదించుకునే హక్కు ఉంది.

భాష: సమాచార హక్కు దరఖాస్తును ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఇవ్వవచ్చు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే వినతిపత్రాన్ని కేంద్రంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. యానాంలో తెలుగులోనే రాయవచ్చు. మిగతా చోట్ల తెలుగు ప్రతికి స్థానిక భాష ప్రతి జతచేస్తే పని త్వరగా కదులుతుంది.

అడగవలసిన ప్రశ్నలు కూడా మూడే. మా వార్డు పొడి చెత్త ఎక్కడికి వెళుతోంది? కంపెనీల నుంచి తయారీదారు బాధ్యత కింద మా మున్సిపాలిటీకి ఏమైనా అందుతోందా? గత ఏడాది వేసిన జరిమానాల్లో వీధి వ్యాపారుల మీద ఎన్ని, తయారీదారుల మీద ఎన్ని? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే మన ఊళ్లో చట్టం ఎవరి వైపు చూస్తోందో తెలిసిపోతుంది. మీ సంఘం తరఫున ఈ దరఖాస్తు పెట్టి, వచ్చిన జవాబును మాకు పంపితే మిగతా పాఠకులకూ ఉపయోగపడేలా ప్రచురిస్తాం.